వాక్యానికి చోటు లేని ఫోటో

పక్కవాడి పని మీ పనికన్నా బాగుంటే మీకు నిద్ర పడుతుందా? నిజం చెప్పండి. పడుతుందనేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మా వీధి చివరింటి డ్రాయింగు మేష్టారు బతికున్నన్నాళ్ళూ నాకు సరిగ్గా పట్టలేదు. మొన్న ఆదివారం పొద్దున్న ఆరాధనకి బయల్దేరుతుంటే పక్కింటి ఆటో డ్రైవరు బండి ఆపి చెప్పాడు. "మేష్టారు పోయారండీ. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే. కిటికీ పక్కనంట."

ఏడుపు రావలసిన చోట నాకు ముందు అసూయ వచ్చింది. కిటికీ పక్కన! పొద్దుటి వెలుతురు ఏటవాలుగా పడే చోట! పోయేటప్పుడు కూడా ఫ్రేము చూసుకునే పోయారు మహానుభావుడు. ఏడుపు ఆ తరవాత, మందిరంలో పాట మధ్యలో వచ్చింది.

ఆయన హిందువు. నా ప్రసంగానికి ఎన్నడూ రాలేదు. నేను బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను, వాక్యం మీద ఆకలితో సొంతంగా చదువుకున్నవాణ్ణి. ప్రభువు అడవి పువ్వుల్ని చూడమన్నాడనీ, మహారాజు కట్టిన బట్టలు కూడా వాటి ముందు వెలవెలబోయాయనీ మా కనకాలపేటలో గొంతు చించుకుని చెప్పినవాణ్ణి. చెప్పింది నేను. చూసింది ఆయన. ఇదండీ నా కడుపుమంట. ఆజ్ఞ నా సంచిలో ఉంది, దాన్ని పాటించిన మనిషి పుస్తకం తెరవకుండానే గోదారి గట్టు మీద తిరుగుతున్నాడు.

మా సంఘంలో ఏటా వాగ్దాన కేలండరు వేస్తాం. పైన పూల బొమ్మ, బొమ్మ నడుమ ఆ యేటి వాక్యం. బొమ్మ నేనే నా ఫోనుతో తీస్తాను. అలా ఓ రోజు గట్టు మీద నిలబడి గడ్డిచామంతుల్ని తీస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏం బ్రదరూ, వాటికి తీర్పు చెబుతున్నారా?"

"ఫోటో తీస్తున్నానండి."

"అంత ఎత్తునించి చూస్తే పువ్వుకి మీ చెప్పులే కనపడతాయండి. దిగండి, కిందకి దిగండి."

ప్రార్థనకి మోకాళ్ళ మీద ఉండడం నాకు అలవాటే కదా, దిగాను. అప్పటిదాకా మట్టికి అతుక్కున్నట్టున్న పువ్వు లేచి నిలబడింది. దాని వెనక గోదారి, గోదారి వెనక దారంలా అవతలి ఒడ్డు. చిన్నపువ్వు గోదారి మీది వంతెన కంటే పొడుగైంది. ఈ సంగతి నాకు ముందే ఎందుకు తెలీలేదని ఒళ్ళు మండింది.

ఆ తరవాత మేష్టారు కనపడినప్పుడల్లా నా ఫోను అడిగి చూసేవారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ముందు బొమ్మ అంచులన్నీ వేలితో తడిమేవారు. అక్కడ ఏ ప్లాస్టిక్ కవరో, సగం తెగిన పడవ ముక్కో దొరికేది. "పువ్వు సంగతి పువ్వు చూసుకుంటుందండి. మీరు అంచులు కాపలా కాయండి" అనేవారు. నీటిగీత బొమ్మకి సరిగ్గా సగంలో ఉంటే నాలుక చప్పరించేవారు. "అటు ఆకాశానికీ ఇటు నేలకీ సమానంగా పంచేశారు. పెద్దమనుషుల తగువులా ఉంది. మీకు ఏది కావాలో దానికి ఎక్కువ ఇవ్వండి."

గాలి వీస్తే ఆగేవారు. ఊరికే గొంతుకూర్చుని ఆగేవారు. ఆయన కోసం గాలి నిలబడేది కూడా! నేను ప్రార్థించినా నిలవని గాలి.

ఒకసారి నా పాత కేలండరు బొమ్మలన్నీ వరసగా చూసి నవ్వారు. "బ్రదరూ, ఇవన్నీ అద్దెకిచ్చే గదుల్లా ఉన్నాయండి. ఎవరో వచ్చి దిగుతారని మధ్యలో ఖాళీ చేసి పెడుతున్నారు."

"వాక్యం వేయాలి కదండీ అక్కడ!"

"వేయండి. పూలు మాత్రం గది ఖాళీ చేసి చూరు కింద నిలబడ్డవాళ్ళలా ఉన్నాయి, అంతే."

నాకు కావలసింది ఒక్క మాట. 'బాగుంది' అని. ఆ మాట కోసం ఎండలో మాడాను. ఆటో డ్రైవరు కిరాయికి వెళ్తూ మురిక్కాలవ పక్కన తూటిపూలు తీసి చూపిస్తే, మేష్టారు ఆ ఫోనుని రెండు చేతుల్తో పట్టుకుని "బాగుందయ్యా, చాలా బాగుంది" అన్నారు. "ఆయ్, మీరు చెప్పినట్టే వంగి తీశానండి" అని వీడు మెలికలు తిరిగిపోయాడు. బైబిల్లో గొర్రెలు కాసిన కుర్రాణ్ణి జనం పొగిడితే రాజు ఈటె ఎందుకు విసిరాడో ఆ సాయంత్రం నాకు ఎవరూ వ్యాఖ్యానం చెప్పక్కర్లేకపోయింది.

పోయిన నెల ఒక పొద్దున్న నాకూ దొరికింది. గట్టు మలుపు తిరిగే చోట, బొమ్మ కిందంతా గడ్డిచామంతులు, ముందున్న ఒక్క పువ్వు మీదే చూపు, మిగతావి గట్టు వంపు పట్టుకుని చిన్నవవుతూ నీళ్ళదాకా పోయాయి. పైన సన్నటి పట్టీలా ఆకాశం, మూలన ఒక నావ. పరుగున వెళ్ళి చూపించాను. మేష్టారు అంచులు తడిమారు. మళ్ళీ తడిమారు.

"దీనికి వాక్యం అక్కర్లేదండి" అన్నారు.

ప్రసంగికుడితో అనే మాటేనా అది? "అంటే... బాగుందనా మేష్టారూ?"

"కాఫీ తాగుతారా?"

ఆ ఒక్క మాటా చెప్పకుండానే పోయారు.

కేలండరు అచ్చుకిచ్చాను. ప్రెస్సాయన ఫోను చేశాడు. "బొమ్మ వచ్చిందండి, మీద వేసే వాక్యం రాలేదు." రాదన్నాను. బొమ్మ మీద అక్షరం పడకూడదు, కింద తేదీల దగ్గర వేయమన్నాను. సంఘపెద్ద లేచాడు. "బొమ్మ మీద వాక్యం లేకపోతే మిఠాయి కొట్టు కేలండరుకీ మనదానికీ తేడా ఏంటి బ్రదరూ?"

"ప్రభువు పువ్వుల్ని చదవమన్నాడా, చూడమన్నాడా?" అని గద్దించాను. ఆయన కాసేపు గింజుకుని, "సరే, దీన్ని తగిలించే గోడలకి మీరే జవాబు చెప్పుకోండి" అన్నాడు. ఈలోగా ఆయన భార్య నమూనా కాగితాన్ని వెలుగులోకి పట్టుకుంది. "అబ్బ, ఎంత బాగుందండీ! మేష్టారు తీసిందే కదూ?"

ఎదురుచూసిన మాట ఎట్టకేలకు వచ్చింది. వచ్చి ఆయన పేరు మీదే పడింది! నేనే తీశానని నాలుక చివరిదాకా వచ్చింది. "తీసింది నేనేనమ్మా. చూపు ఆయనది" అన్నాను. ఆ మొదటి ముక్క మింగడం నావల్ల కాలేదు. మేష్టారూ, ఇప్పటికీ మీరంటే కుళ్ళే. మీ రుణం తీర్చుకోలేని కుళ్ళు.

ఇది చదువుతున్న మీరు మాత్రం ఆ పూలు చూడ్డానికి కేలండరు వచ్చేదాకా ఆగకండి. గేదెల మేతకి గడ్డి కోసేవాళ్ళు వంతెన వైపునుంచి మొదలెట్టారు. రేపటికి కొడవలి మలుపు దాటేస్తుంది. ఇందాక ఒకావిడ పచ్చిమోపు నెత్తిన పెట్టుకుని పోతోంది. కోసేసిన గడ్డిలో పూలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి, ఆవిడ చెవి పక్కన ఊగుతున్నాయి. ఫోను లేకపోతే కళ్ళు చాలు. ఎండ వాలకముందే, ఈ పూటే వెళ్ళండి. లేవండి!