తిరిగి రమ్మనే బైటు

ఇల్లందు దగ్గరి ఒక బొగ్గుబావిలో సోమ్లా కంప్యూటర్ ఆపరేటరు, అదీ టెంపరరీ. తండా నుంచి ఆఫీసు కుర్చీ దాకా వచ్చిన మొదటివాడు. బావి లోపల పెట్టిన మీటర్లు చూసి గ్యాసు లెక్కగట్టి, ప్రమాదముంటే గంట మోగించే ప్రోగ్రాంను సి భాషలో రాసింది అతనే. మొదట్లో అది నత్తనడక నడిచేది. మీటర్లన్నీ ఒక చుట్టు చూసేసరికి నిమిషం పట్టేది. గ్యాసు నిమిషం ఆగుతుందా?

అందుకని 1993లో సోమ్లా సాహసమే చేశాడు. రోజూ పొద్దున ప్రోగ్రామే ఆనాటి లెక్కలకు కావాల్సిన ఆజ్ఞలను యంత్రభాషలో తయారుచేసుకుని, మెమరీలో పేర్చి, నేరుగా వాటిలోకి దూకుతుంది. చివర ‘తిరిగి రా’ అని చెప్పే ఒక్క బైటు. అది ఉంటేనే ప్రోగ్రాం వెనక్కి, తన మామూలు పనికి వస్తుంది. చుట్టు మూడు సెకన్లకు దిగింది. మేనేజరు వెంకటరామారావు అంతటివాడు భుజం తట్టాడు.

ఒక సోమవారం బావి లోపల కొత్త చోట తొమ్మిదో మీటరు పెట్టారు. సోమ్లా దాన్నీ చేర్చి, ప్రోగ్రాం నడిపి, టీకి వెళ్లొచ్చాడు. తెర మీద టైము తొమ్మిదీ పది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

రాసుకున్న ప్రోగ్రాం తిరగేశాడు. మెమరీలో ఎనిమిది మీటర్లకే చోటు ఉంచాడు! తొమ్మిదోది చేరేసరికి ఆఖరి బైటుకు చోటే లేదు. ప్రోగ్రాం దూకింది, తిరిగి రాలేదు. ఇరవై నిమిషాలుగా గంట చచ్చి పడుంది. ఆ కొత్త చోటే అతని అన్న బద్యా పనిచేస్తున్నాడు.

మిషను ఆపి పాత ఎనిమిదితో మళ్లీ నడిపిస్తే ఎవరికీ తెలియదు. కానీ అన్న పక్కన ఈపాటికి ఏం చేరిందో! మేనేజరుకు ఫోన్ చేశాడు.

“సార్, మిషన్ ఆగింది. తప్పు నాదే. లోపలోళ్లను జల్దీ పైకి పిలువుండ్రి.”

“తెలిసే అంటున్నావా? షిఫ్టంతా పోతుంది. నీ ఉద్యోగం కూడా.”

“పోనియ్యుండ్రి సార్.”

మేనేజరు షిఫ్టంతటినీ పైకి పిలిపించాడు. బావిలోకి దిగేవాళ్లు తమ నంబరున్న ఇత్తడి బిళ్లను పలకకు తగిలించి, పైకొచ్చాక తీసుకుపోతారు. సోమ్లా ఆ పలక ముందే నిలబడ్డాడు. బిళ్లలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. చివరికి ఒక్కటే మిగిలింది, నూట పన్నెండు. అన్నది. ఎంత భయం వేసిందో చెప్పలేం.

నల్లటి చెయ్యొకటి వచ్చి ఆ బిళ్లను తీసింది.

“ఏందిరా, ఏడుస్తున్నవ్? అందర్ని ఎక్కిచ్చి ఆఖరికి వచ్చిన. గ్యాసు గీసు ఏం లేదు.”

సాయంత్రం సోమ్లాను పనిలోంచి తీసేశారు. అయినా బతిమాలి మరో గంట కూర్చున్నాడు. చోటు పెంచి, ఆఖరి చోటులో ‘తిరిగి రా’ను అన్నిటికన్నా ముందే రాయించి, అది ఉందని చూసుకున్నాకే దూకేలా ప్రోగ్రాంను మార్చాడు.

రోజూ షిఫ్టు దిగే వేళకు తమ్ముడే అన్న కోసం ఎదురుచూసేవాడు. ఆ రోజు ఆఫీసు మెట్ల కింద, స్నానమైనా చెయ్యకుండా, అన్న నిలబడి ఉన్నాడు.