కనుమ కింద ఆగిపోయిన చిన్నమ్మ

మృగశిర కార్తె మొదలైన రోజు. ఆర్మూరులో ఆ వారం ఎవరిని కదిలించినా పసుపు విత్తనం మాటే. నేను మాత్రం చేపల పులుసుకు చింతపండు పిసుకుతున్నాను. పక్కన పెట్టిన ఫోను టింగుమంది. ఈమధ్య ఫోన్లకు ఒక అలవాటు పట్టుకుంది కదా, మనం అడగకుండానే పాత వీడియోలు బయటికి తీసి, వెనక సంగీతం పెట్టి, ‘మీ మధుర క్షణాలు’ అని చూపిస్తాయి. తెల్లటి కొండ. ఎర్ర స్వెటర్లో మా పెద్దమ్మ పగలబడి నవ్వుతోంది. ఆమె ముందు ప్లాస్టిక్ కుర్చీలో మా చిన్నమ్మ నోరు తెరుచుకుని ఉంది. వెనక వేణువు మోగుతోంది. ఆ నోరు ఎందుకు తెరుచుకుందో పాపం ఫోనుకేం తెలుసు? పులుసు చేత్తోనే ఆపేశాను.

మా అమ్మవాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. నడిపిది మా అమ్మ, తొందరగానే పోయింది. పెద్దమ్మను పసుపు వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. అమ్మమ్మ, తాత పోయాక చిన్నపిల్లగా ఉన్న చిన్నమ్మను ఆమే తెచ్చుకుని పెంచింది, చదివించింది. ఆ సంగతిని చిన్నమ్మ ఒక్క పూటైనా మరిచిపోకుండా చూసుకుంది కూడా. పెద్దమ్మ చేతి వంట తిననివారు మా వాడలో లేరు, ఆమె నోట పడనివారూ లేరు. ఆమె ఒక మాట విసిరితే నలుగురూ పడీపడీ నవ్వేవారు. ఆ మాట తగిలినవారికీ నవ్వక తప్పేది కాదు. చిన్నమ్మను చూసుకోవడానికి ఆలూరు నుంచి పెళ్ళివారు వస్తే, వాళ్ళకు చాయ్ అందిస్తూ, “మా చెల్లె మస్తు చదువుకున్నది. గని పసుపు బస్తాల నడుమ పెరిగినా గా రంగు ఒక్క చుక్క అంటలే, సూడుండ్రి” అందట. పెళ్ళివారు నవ్వారు, చాయ్ తాగారు, వెళ్ళిపోయారు. ఇంకో రెండు సంబంధాలు కూడా అట్లాగే నవ్వులతో దాటిపోయాక, చిన్నమ్మ మంచి చీర కట్టుకుని ముందుగదిలోకి రావడం మానేసింది. సర్కారు బడిలో సోషల్ టీచరు అయింది. ఎన్నడూ చూడని హిమాలయాలను గోడపటం మీద పిల్లలకు చూపిస్తూ చూపిస్తూనే రిటైరయింది.

మనాలి ప్రయాణం పెద్దమ్మ కొడుకు, మా అన్న, పెట్టించాడు. అమ్మకు మంచు చూపించాలని ఆయన ముచ్చట. వంటకు సాయంగా నన్ను, ముచ్చట్లలో ఉప్పూకారంగా చిన్నమ్మను వెంటబెట్టుకున్నారు. చిన్నమ్మ మాత్రం పరీక్షకు పోయే పిల్లలా తయారైంది. బండిలో కిటికీ పక్కన కూర్చుని, అడిగినా అడగకపోయినా పాఠం చెబుతూనే ఉంది. కింద దేవదారులు, కొంచెం పైన భూర్జ చెట్లు, వాటి బెరడు మీదే పూర్వం రాసుకునేవారు, ఆ తర్వాత ఒక ఎత్తు దాటితే చెట్టనేదే ఉండదు, గడ్డీ రాయీ మాత్రమే. “గీ కొండలు నిన్నమొన్నటి పిల్లలక్కా. ఇంకా పెరుగుతున్నయి. మన నవనాథుల గుట్ట వీటి తాతకు తాత” అంది. పెద్దమ్మ సకినం కొరుకుతూ, “అయితే గా గుట్ట మీదనే కూసుంటే పోవు. గింత దూరం ఎందుకొచ్చినవే?” అంది. బండంతా నవ్వు. చిన్నమ్మ కూడా నవ్వింది. హోటల్లో రోజూ రాజ్మా పెడుతుంటే, అంకాపూర్ కోడికూర కోసం పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

రోహ్‌తాంగ్ కనుమకు పోయే రోజు చిన్నమ్మకు తెల్లవారినప్పటి నుంచీ దగ్గు. చెట్లు అయిపోయే చోట నాలుగు చాయ్ దుకాణాలుంటే అక్కడ బండి ఆగింది. దిగి నాలుగడుగులు వేసి చిన్నమ్మ కూలబడిపోయింది. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. డ్రైవరు ఆ కొండల పిల్లాడే. ఈమెను వెంటనే కిందికి దింపాలి, పైకి పోతే ప్రమాదం అని హిందీలో గట్టిగానే చెప్పాడు. అన్న వాళ్ళమ్మ మొహం చూశాడు. “దాని ఆయాసం దానికెప్పుడూ ఉన్నదే. మంచు కోసమని గింత దూరమొచ్చి, దీని కోసం మర్లిపోదమా? గీడనే కూసోనియ్యి” అంది పెద్దమ్మ. నన్ను చిన్నమ్మ దగ్గర ఉంచి, వాళ్ళు బండెక్కి పైకి పోయారు.

చాయ్ దుకాణం నడిపేది కనుమకు అవతలి లోయ మనిషి, ముసలామె. చిన్నమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద గొంగడి కప్పి, వేడినీళ్ళు తాగించింది. చిన్నమ్మ ఒక్క గుక్క తాగి, ఊపిరి చాలక చాలక, మన నిజామాబాద్ ఉర్దూలోనే అడగడం మొదలుపెట్టింది. బడిలో పటం మీద వేలు పెట్టి చూపించిన రోహ్‌తాంగ్ అన్న ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే, శవాల మైదానం అంది ఆ ముసలామె. కొండ కింద సొరంగం దారి లేని రోజుల్లో వాళ్ళ లోయ సగం ఏడాది మూతబడే ఉండేదట. జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా ఈ కనుమే దాటాలి. ఒక ఏడాది ఉన్ని అమ్మడానికి బయలుదేరిన గుంపులో ఈమె తల్లి కూడా ఉంది. దారిలో మంచుతుఫాను పట్టుకుంది. నడవలేనివాళ్ళు కూర్చుండిపోయారు. నడవగలిగినవాళ్ళు ఆగలేదు. ఆగితే అందరూ పోతారు, అందుకే అక్కడ వెనక్కి చూడకూడదన్నది కట్టుబాటు. మంచు కరిగాక పోయి చూస్తే తల్లి అట్లాగే కూర్చుని ఉందట, ఒళ్ళో ఉన్నిమూటతో. కప్పులు కడుగుతూ చెప్పింది ఇదంతా. చిన్నమ్మ గొంగడిని దగ్గరికి లాక్కుంది. తర్వాత, “ఇడిసిపెట్టి పోయినోళ్ళు ఎట్ల బతికిండ్రు?” అని అడిగింది. ముసలామె ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసి, “బతికారు. బతకడానికేగా వదిలిపోయింది” అంది.

పైకి పోయినవాళ్ళు దిగి వచ్చేసరికి చిన్నమ్మ మాట సన్నబడిపోయింది. పెద్దమ్మ ఒక సంచిలో మంచు తెచ్చింది. “పాపం, సూడనన్న సూడలేదు. సూపిస్త ఆగు” అంటూ గుప్పెడు మంచు తీసి చిన్నమ్మ మెడ వెనక స్వెటర్లోకి దూర్చింది. అన్న ఫోను పట్టుకుని తీస్తున్నాడు. చిన్నమ్మ నోరు తెరుచుకుంది, ఊపిరి మాత్రం రాలేదు. “నాటకాలు సూడుండ్రి!” అని పెద్దమ్మ నవ్వింది. డ్రైవరు అన్నను పక్కకు నెట్టి, చిన్నమ్మను ఎత్తుకుని బండిలో పడేశాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు అన్నారు దవాఖానలో. బయట బల్ల మీద పెద్దమ్మ, “ఊపిరి పీల్చుడు గూడ రాదు దీనికి. గిన్నేండ్లు పిల్లలకేం జెప్పిందో” అంది. అద్దాల తలుపు అవతల ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న చిన్నమ్మకు అది వినబడిందని నాకు తెలుసు. ఆమె చూపు ఇటు తిరిగింది.

ఊరికి వచ్చాక చిన్నమ్మ ఆ సంగతి ఎత్తలేదు. బంధువులంతా చూసుకుని నవ్విన వీడియో గురించి కూడా ఏమీ అనలేదు. కొన్నాళ్ళకు, వాడలో పసుపు ఉడుకుతున్న వాసన నిండిన రోజుల్లో, పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది. అంత నోరూ పడిపోయింది. మాట విని అర్థం చేసుకునేది, బదులు చెప్పలేకపోయేది. అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం చిన్నమ్మ వచ్చి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి, జావ తాగించేది. “మీ చిన్నమ్మ దేవత. కన్నబిడ్డలు గూడ గింత చెయ్యరు” అని వదిన కనబడిన ప్రతివారికీ చెప్పేది.

ఒకనాడు నేను పోయి గుమ్మంలో నిలబడ్డాను. “నోరు తెరువక్కా. ఆఁ, గట్ల. నిన్న ఎక్కడి దాక జెప్పిన? ఆఁ, చెట్లు ఆగిపోయిన దగ్గర” అంటోంది చిన్నమ్మ, చెంచాలోని వేడి జావను ఊదుతూ. “మంచుల కూసున్నోళ్ళ కోసం ఎవ్వలు ఆగరటక్కా. నడిచేటోళ్ళు నడిచిపోతరు. ముందుగాల కాళ్ళకు సల్లగైతది. తర్వాత ఏం తెల్వదు. మల్ల ఎండాకాలం దాక ఎవ్వలు రారు.” గొంతు ఎంత మెత్తగా ఉందంటే, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టే. పెద్దమ్మ చూపు వాకిలి వైపు కొట్టుకుంటోంది. కంటి చివర నుంచి నీళ్ళు కారితే చిన్నమ్మ కొంగుతో ఒత్తి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

నేను ఉండలేక పక్కకు పిలిచి, “చిన్నమ్మా, ఆమెకు భయమైతున్నట్టున్నది. గది చెప్పకు” అన్నాను.

“భయమెందుకు? పాఠమే గద బిడ్డా,” అంది చిన్నమ్మ. “నా పాఠం అక్క ఎన్నడన్న పూర్తిగ విన్నదా?”

గిన్నె కడిగి బోర్లించి, రేపు వస్తానని అక్కకు చెప్పి పోయింది. వచ్చింది కూడా. పెద్దమ్మ ప్రాణం పోయేదాకా ఒక్క మధ్యాహ్నమూ తప్పలేదు. పోయిన రోజున అందరికంటే ఎక్కువ ఏడ్చింది చిన్నమ్మే. అది దొంగ ఏడుపు కాదు, నేను పక్కనే ఉన్నాను. దినాలు అయిపోయాక నాలుగురోజులు మధ్యాహ్నం కాగానే చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చి, ఎటు పోవాలో తోచక నిలబడేది. ఇప్పుడు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. కాలం గాయాలు మాన్పుతుందంటారు. మా ఇంట్లో అది మాట్లాడే వంతును పెద్దామె నుంచి చిన్నామెకు మార్చింది, ఆపైన వినేవాళ్ళు లేకుండా చేసి తన దారిన తాను పోయింది.