హెటీ చేరిన సంగీతం క్లాసు

హెటీ అష్‌వర్త్‌కు యాభై నాలుగేళ్లు వచ్చేసరికి చెవులు సగం పోయాయి. బర్న్‌లీ అనే ఇంగ్లీషు ఊరి నేత మిల్లులో నలభై ఏళ్లు మరమగ్గాల మోతలో నిలబడ్డ మనిషికి అది మామూలే. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడి ఆడవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసి కబుర్లు చెప్పుకుంటారు. మిగిలిన సగం చెవులూ పోకముందే, పాతిక వయొలిన్లు కలిసి వాయించే పెద్ద సంగీతాన్ని ఒక్కసారైనా అర్థం చేసుకుని వినాలని ఆమె కోరిక. అందుకే 1962 చలికాలంలో బుధవారం సాయంత్రాలు జరిగే సంగీతం క్లాసులో చేరింది.

పక్క మగ్గం నెల్లీ ఊరుకుంటుందా? "ఏమే, ఈ వయసులో దొరసానివైపోదామనా?" అంది, పెదవులతోనే.

"అయితే నీకేం పోయిందే? టీ కాచడానికి నిన్నే పెట్టుకుంటాలే" అంది హెటీ.

పాఠం చెప్పడానికి యూనివర్సిటీ నుంచి వచ్చిన కీత్ లాంగ్లీ మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. సంస్కృతి అంటే గొప్పింటివాళ్ల సంగీతమూ చిత్రాలూ కాదనీ, కష్టపడేవాళ్ల బతుకే సంస్కృతి అనీ కొత్తగా రాస్తున్న మేధావుల్లో ఆయనా ఒకడు. పెదవుల మాట సంగతి తెలియగానే గ్రామఫోన్ మూతవేసి నోటుపుస్తకం తెరిచాడు. తన బతుకు గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్లు అంతకుముందు లేరు కాబట్టి హెటీకీ ముచ్చటేసింది. రెండు చలికాలాలు చెబుతూనే ఉంది.

"సంగీతం ఎప్పుడు మొదలెడతారు బాబూ?" అని అడిగితే, "అది మీకెందుకండీ? మీ దగ్గరున్నదే అసలైన సంస్కృతి" అనేవాడు.

గౌరవమే, కాదనను. కానీ ఆకలేసి వచ్చిన మనిషిని చేతివేళ్లు ఎంత బాగున్నాయో అని మెచ్చుకుని పంపేస్తే కడుపు నిండుతుందా?

హెటీ చెప్పినవన్నీ ఆయన పేరుతో పుస్తకంగా అచ్చయ్యాయి. ఒక ప్రతి ఇస్తానని ఆయన ఇంటికి పిలిచాడు. అప్పటికి హెటీకి బొత్తిగా వినబడటం లేదు. ముందుగదిలో ఆయన కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల, వయొలిన్ వాయిస్తోంది. పక్కన మాస్టారు తాళం వేస్తున్నాడు. హెటీ గుమ్మంలోనే ఆగిపోయింది. తీగల మీద కమాను పైకీ కిందికీ పోతోంది. ఒక్క ముక్క చెవినబడలేదు.

"ఎన్నాళ్లుగా నేర్పిస్తున్నారు బాబూ?"

"నాలుగేళ్లు. ఒక్కరోజు కూడా మాననివ్వం" అన్నాడు ఆయన, ఆమెకు తెలిసేలా నిదానంగా.

"మరి అది పాపకెందుకు?"

వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది. జవాబు కోసం ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆయన పుస్తకం ఆమె చేతిలో పెట్టి, తల పక్కకు తిప్పుకుని ఏదో అన్నాడు. పెదవులు కనబడితే కదా ఆమెకు తెలిసేది.