బరాబర్ కుస్తీ

లింగస్వామికి సాయంత్రం అయిదింటిదాకా సమయం ఉంది. అయిదింటికి పై వాటాలో ఉండే విజయదుర్గ వచ్చి గేమ్ బాక్సు తీసుకుపోతుంది. అది కంపెనీది. రేపు వెనక్కి పంపాలి. అక్కడ లోపలున్నదంతా తుడిచేస్తారు.

లోపల ఎల్లయ్య ఉన్నాడు.

విజయదుర్గది భీమవరం. వీడియో గేములు ఆడి, వాటి మంచిచెడ్డలు రాసి పంపడం ఆమె ఉద్యోగం. ఈసారి వచ్చింది కుస్తీ ఆట. కింద ఉండే ఇంటి యజమాని లింగస్వామి పాత పహిల్వాన్ అని తెలిసి దాన్ని కిందికి తెచ్చింది.

"ఓ నెల ఆడి చూడండి బాబాయ్‌గారూ. బాగున్నదేదో, బాగులేనిదేదో చెబితే రాసుకుంటాను."

మంచి ముందే కనబడింది. ఆ ఆటలో కావలసిన మనిషిని తయారు చేసుకోవచ్చు. లింగస్వామి చెబుతుంటే ఆమె మీటలు నొక్కింది. పొట్టి మెడ. కాస్త కిందికి వాలిన ఎడమ భుజం. ముందుకొచ్చిన పొట్ట.

"చెవులు గట్లుండయి బిడ్డా. నలిగి ముద్ద గావాలె."

చెవులు ముద్దయ్యాయి. తెర మీద ఎల్లయ్య ఊపిరి తీస్తూ నిలబడ్డాడు. లింగస్వామి తెర దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఇద్దరూ హమాలీలు. పొద్దున బత్తాయి బస్తాలు, సాయంత్రం తాలీంలో కుస్తీ. కుస్తీ అయ్యాక ఒకరి వీపు మీది మన్ను ఒకరు తువ్వాలతో తుడిచేవారు. "పహిల్వాన్‌కు పెండ్లెందుకుర" అని కుస్తీ నేర్పే ఉస్తాద్ అంటే ఎల్లయ్య నవ్వి పెళ్లి చేసుకున్నాడు. లింగస్వామి నమ్మి, చేసుకోలేదు.

హయత్‌నగర్ జాతరలో ఒక ఏడు వాళ్లిద్దరికే జోడీ పడింది. పొద్దు గూకినా ఎవరి వీపూ మన్నంటలేదు. ఉస్తాద్ ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తి "బరాబర్" అన్నాడు. మరుసటి ఏడు తేల్చుకుందామనుకున్నారు. ఆలోపు ఎల్లయ్య మోకాలు పోయింది. తరువాత పాతికేళ్లు అతను మార్కెట్‌లో కాంటా దగ్గర కూర్చున్నాడు. లింగస్వామి బస్తా దించినప్పుడల్లా అనేవాడు.

"మనది బరాబర్ల ఉన్నది. యాదికున్నదా లింగా?"

మార్కెట్ ఊరవతలికి పోయింది. మరుసటి ఏడు ఎల్లయ్యా పోయాడు.

చెడ్డ తరువాత కనబడింది. గంట మోగగానే లింగస్వామి రిమోట్ ఒళ్లో పెట్టి తెర వైపు చెయ్యి చాచాడు. కుస్తీకి ముందు చెయ్యి కలిపి సలామీ ఇవ్వాలి. తెర లోపల ఎల్లయ్య వచ్చి తన బొమ్మ మొహం మీద గుద్దాడు. మరునాడూ అంతే. ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే లేచేది.

"చెయ్యి కలిపే మీట యాడున్నది బిడ్డా?"

"అది లేదండీ. కుర్చీతో కొట్టేవి మాత్రం చాలా ఉన్నాయి."

ఉన్నాయి. రెఫరీ అటు తిరగగానే ఎల్లయ్య ఇనుప కుర్చీ ఎత్తాడు.

"ఎల్లిగా! ఏందిర గిది? ఉస్తాద్ జూస్తె తోలు దీస్తడు!"

ఆ అరుపుకు విజయదుర్గ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

మూడో వారంలో లింగస్వామి గెలిచాడు. ఎల్లయ్య వెల్లకిలా పడడాన్ని తెర మూడుసార్లు మెల్లగా చూపించింది. ఆ పూట అన్నం సహించలేదు. తేల్చుకోవలసింది ఇలా కాదనిపించింది.

ఒకనాడు గ్యాస్ బండ వస్తే లేచి వెళ్లాడు. వచ్చేసరికి ఇద్దరూ బరి చుట్టూ ఉన్న తాళ్ల అవతల పడి ఉన్నారు. రెఫరీ పది లెక్కపెట్టి ఆట ఆపేశాడు. గెలిచినవాడి పేరు రాలేదు. అది గుర్తుపెట్టుకున్నాడు.

ఇవాళ మూడు గంటలకు రెండో రిమోట్ బయటికి తీశాడు. అది కలిపితే ఎల్లయ్యను యంత్రం ఆడించదు. మనిషే ఆడించాలి. రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గంట మోగింది. ఎల్లయ్య కదలలేదు. కుర్చీ వైపు పోలేదు. లింగస్వామి చెయ్యి చాచి, గాలిలో కాసేపు ఉంచి, వెనక్కి తీసుకున్నాడు. ఈసారి ఎవరూ గుద్దలేదు.

మెట్రో రైలు ఎల్బీ నగర్ వైపు పోయింది. కిటికీ అద్దం అదిరి ఆగింది.

కుడిచేత్తో తను, ఎడమచేత్తో ఎల్లయ్య. ఒక పట్టు అతనిది, ఒక పట్టు తనది. ఎల్లయ్య పట్టు సరిగా పడకపోతే మళ్లీ వేయించాడు. అయిదు కావస్తుండగా మొదట ఎల్లయ్యను, తరువాత తనను తాళ్లు దాటించి కింద నిలబెట్టాడు. రిమోట్లు రెండూ చాప మీద పెట్టాడు. రెఫరీ లెక్కపెడుతున్నాడు. లింగస్వామి మీట ముట్టలేదు.

పది.

విజయదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరు గెలిచారు బాబాయ్‌గారూ?"

"బరాబర్."

"అంటే డ్రాయేగా?"

"డ్రా అంటె అయిపోయినట్టు. బరాబర్ అంటె ఇంక ఉన్నట్టు."

ఆమె ఫోన్ తీసింది. "సరే, లోపాలు చెప్పండి ముందు."

"సలామీ లేదని రాయి."

"రాశాను. ఇంకా?"

"గంతే."

"మరి బాగున్నదేది?"

లింగస్వామి ఆలోచించాడు.

"చెవులు మంచిగొచ్చినయి."

ఆమె నవ్వబోయి ఆగింది. వైర్లు ఊడదీసింది. తెర నల్లబడింది. పెట్టెలో సర్దే ముందు లింగస్వామి భుజం మీది తువ్వాల తీసి రెండు రిమోట్లనూ తుడిచాడు. తనది తొందరగా అయింది. రెండోదాన్ని చాలాసేపు తుడిచాడు.