చిట్టియ్య వంతు

గంగయ్యకి సగం పాటే వచ్చు. ఏ పాటైనా అంతే. కోటిపల్లి దగ్గర లంకలో ఎవరినడిగినా ఈ మాట చెప్పి నవ్వుతారు. ముప్పై ఏళ్లు గోదాట్లో వల వేసి, శివరాత్రి శివరాత్రికీ ద్రాక్షారామం వెళ్లి భజనల్లో బెంజో వాయించిన మనిషికి సగం పాట రావడమేంటని కొత్తవాళ్లు అడుగుతుంటారు.

అదంతా జంట బెంజో మహిమ. టైపుమిషనుకున్నట్టు మీటలుండే బెంజోలు రెండు. ఒకటి గంగయ్యది, రెండోది వరసకి తమ్ముడైన చిట్టియ్యది. గంగయ్య తన ముక్క వాయించి ఆగితే, చిట్టియ్య దానికి జవాబు వాయించేవాడు. వల లాగినట్టే, ఒక కొస ఇతనిది, రెండో కొస అతనిది. ఆ రెండో కొస సంగతి గంగయ్య ఏనాడూ పట్టించుకోలేదు. చిట్టియ్య ఉండగా ఆ అవసరమేముంది?

పోయిన కార్తీకంలో చిట్టియ్య గుండె ఆగి పోయాడు. ఆ ఏడు వరదకే బెంజోలు రెండూ నాని, మీటలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. తండ్రి అరుగు మీద ఉత్త గాలిలో వాయిస్తున్నట్టు వేళ్లు ఆడిస్తూ కూర్చోవడం చూడలేక, కూతురు సాయిదుర్గ రాజమండ్రి నుంచి యుకెలేలే కొనితెచ్చింది.

"బుల్లి గిటారు నాన్నా. నాలుగే తీగలు. యూట్యూబులో నేర్పుతారు."

గంగయ్య ఒకరు చెబితే వినే రకమా? బిగించి బిగించి మొదటి వారంలోనే రెండు తీగలు తెంపాడు. వాటి చోట వలకి వాడే నైలాను దారం కట్టాడు. పైగా బెంజోకి చేసినట్టు రెండేసి తీగల్ని ఒకే శ్రుతికి కలిపాడు. పై రెండూ తనవట, కింది రెండూ చిట్టియ్యవట. సాయిదుర్గ తల పట్టుకుంది. కానీ నిజం చెప్పొద్దూ, అది అచ్చం బెంజోలాగే గలగలా పలికింది.

చిట్టియ్య సంవత్సరీకం దగ్గరపడింది. ఆ రోజు ఫొటో ముందు ఇద్దరి పాటా మొత్తం వాయించాలని గంగయ్య కోరిక. పొద్దున్నే పై తీగల మీద తన ముక్క వాయించి ఆగేవాడు. మంచులో అవతలి గట్టు కనబడేది కాదు. జవాబు అక్కడినుంచే రావాలన్నట్టు అటే చూస్తూ కూర్చునేవాడు. ఎంత తలుచుకున్నా అది గుర్తుకొచ్చేది కాదు. వాడు వాయిస్తున్నంతసేపూ తను తర్వాతి ముక్క గురించే ఆలోచించుకునేవాడు మరి. పక్కనే కూర్చుని కూడా తమ్ముణ్ణి ఒక్కసారీ సరిగ్గా వినలేదని తెలిసి గంగయ్యకి ఏడుపొచ్చింది.

చిట్టియ్య భార్య వీరవేణిది పక్కిల్లే. ఈ ఏడాదంతా బెంజో మాటెత్తితే చాలు, లోపలికెళ్లి తలుపేసుకునేది. సంవత్సరీకం రేపనగా, ఆ పొద్దున మాత్రం అరుగు మీద రొయ్యలు ఒలుస్తూ అక్కడే ఉండిపోయింది. గంగయ్య ఇక లాభం లేదని, జవాబుగా తనకి తోచిందేదో వాయించాడు.

"అది కాదండి బావగారూ," అంది వీరవేణి తలెత్తకుండా. "ఆయన అక్కడ కాస్త ఆగేవారు. ఆగి, కిందనుంచి ఎత్తుకునేవారండి."

"నీకెలా తెలుసమ్మా?"

"ఇంట్లో రోజూ అదే కదండీ గోల. విసుక్కుంటూనే విన్నాను."

చెయ్యి కూడా కడుక్కోకుండా కూనిరాగం తీసింది. గొంతు బొంగురే, పాట మాత్రం చిట్టియ్యదే. గంగయ్య వేళ్లు కింది తీగల మీద తడుముకుంటూ ఆ దారి పట్టుకున్నాయి. మంచులో ఎక్కడో తెడ్డు చప్పుడైంది. అరుగు పడవలా మెల్లగా ఊగుతున్నట్టు, ఎదుటి కొసన చిట్టియ్య కళ్లు మూసుకుని వాయిస్తున్నట్టు అనిపించింది. ఈసారి గంగయ్య ప్రతి స్వరం విన్నాడు.

జవాబు పూర్తయింది. అచ్చం చిట్టియ్యలాగే గంగయ్య చెయ్యి ఆపి, ఎదుటివాడు అందుకోవాలని ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

వీరవేణి మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు మీ వంతండి బావగారూ," అంది.