టెక్కలి దాటాక మనవాళ్లు లేరు

మీ ఇంటి ఆడవాళ్లు ప్రయాణమంటే మంచినీళ్లు తాగడం ఎప్పుడు మానేస్తారో మీకు తెలుసా? కారెక్కాక కాదండీ, ముందురోజు సాయంత్రమే. ఆ ఉపవాసానికి ఏ పంచాంగంలోనూ తిథి లేదు, ఏ పురాణంలోనూ కథ లేదు. ఏకాదశినాడు చాటుగా జంతికలు నమిలే మా చుట్టాలమ్మలు కూడా దీన్ని మాత్రం నిష్ఠగా పాటిస్తారు. ఈ సంగతి మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, నిన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. మా వైపు అక్కంటే అప్పే. "అప్పా, పిల్లలకి సెలవులిచ్చేసినారు. సోంపేట ఎల్దాం. ఈపాలి ఎక్కడెక్కడ ఆగాలో నువ్వూ నీ మరదలూ ముందే తేల్చుకోండి, దార్లో నా పేనం తియ్యకండి" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం చిన్న విషయం కాదు. శృంగవరపుకోట నుంచి సోంపేట దాకా ఒక్క టీ మీద కారు తోలగలనని పదిమందిలో మీసం తిప్పిన మనిషి. ఆగడమంటే అతనికి ఓడిపోవడం. కష్టపడి దాటిన లారీలన్నీ మనం ఆగితే మళ్లీ ముందుకు పోతాయని బాధపడేవాడు. తాము ఇతనితో పందెంలో ఉన్న సంగతి ఆ లారీలకు పాపం తెలీదు.

ఆ మనిషి మారింది రెండేళ్ల కిందటి మే నెలలో. సోంపేటలో మా చెల్లెలి తోట. పనసపళ్లు, మామిడిపళ్లు, జీడిపప్పు, కాస్త దూరంలో సముద్రం. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలికి, అంటే ఈ తమ్ముడి కూతురికి, సెలవు దొరక్క, పిల్లలిద్దర్నీ మాతో పంపి, తాను వారం చివర రైల్లో వస్తానంది. పిల్లకు ఆరేళ్లు, పిల్లాడికి నాలుగు. పిల్లల్ని దింపడానికొచ్చిన మేనకోడలు కారు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "అత్తా, దీనికి గంటగంటకీ నీళ్లు తాగించు. మళ్లీ జ్వరమొస్తే నావల్ల కాదు" అంది. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని ఇంటికొచ్చేదాకా బిగబట్టుకోవడం పిల్ల నేర్చుకుంది. దాంతో ఆ శీతాకాలంలో మంటా జ్వరమూ వచ్చి రెండుసార్లు మంచం పట్టింది. నీళ్లు తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్లాలి, ఆపుకోకూడదు అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడిందట. చెప్పడం తేలికే. మా జిల్లాల్లో, మండుటెండలో, హైవే మీద, వచ్చినప్పుడల్లా ఎక్కడికి వెళ్లాలి?

ఇక్కడే మా మరదలి పాండిత్యం గురించి చెప్పాలి. ఆవిడ బుర్రలో ఈ రోడ్డుకు వేరే పటం ఉంది. అందులో ఊళ్లు ఉండవు, చుట్టాల స్నానాల గదులు ఉంటాయి. విజయనగరంలో మేనత్త కొడుకు ఇల్లు, కాని తలుపుకు గొళ్లెం పడదు, ఒకరు బయట కాపలా ఉండాలి. రణస్థలంలో పెదనాన్న కూతురు, శుభ్రం గాని మేడెక్కాలి. శ్రీకాకుళంలో పిన్ని. నరసన్నపేటలో తోడికోడలి అన్నగారు, ఆయన స్నానాల తొట్టిలో ఉల్లిపాయలు నిలవ పెట్టుకుంటాడు. టెక్కలిలో వియ్యపురాలి చెల్లెలు. అక్కడితో సరి. "టెక్కలి దాటినాక సోంపేట దాకా మనోళ్లు లేరొదినా" అని ఆవిడ అన్నప్పుడు ఆ గొంతులో భయం వినాలి మీరు, సముద్రం మీదికి పడవేసుకు పోయేవాడికి కూడా ఉండదు. మనవాళ్లంటే ఎవరు? చుట్టరికం ఒక్క కులంలోనే తిరుగుతుంది కాబట్టి మనవాళ్లంటే ఆ కొద్దిమందే. కులం గురించి నేను జిల్లాలు తిరిగి ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. అది ఒంటికి వెళ్లే చోటును కూడా నిర్ణయిస్తుందన్న మాట ఏ వక్తా చెప్పగా వినలేదు.

పోనీ చుట్టాల ఇల్లు దొరికితే సుఖమా? శ్రీకాకుళం పిన్నిగారింటి దగ్గర దిగాం. గేటు దగ్గరే మా మరదలు పిల్లకు చెవిలో చెప్పింది, "అడుగెట్టగానే అడక్కమ్మా, ఏటనుకుంటారు?" అని. అంచేత లోపలికి వెళ్లి వరసగా కూర్చున్నాం. పిన్నిగారు తలుపు తీస్తూనే, "ఒసే, బతికే ఉన్నావేటే! ఇన్నాళ్లకి మా ఈది కనిపించినాదా?" అంది. "నిన్ను సూడాలనే దిగినాం పిన్నీ, దారంతా నీ మాటే" అంది మా మరదలు, కన్నార్పకుండా. ఆవిడ సంతోషించి ఈ ఏడాది పోయినవాళ్లనూ పుట్టినవాళ్లనూ వరసగా ఏకరువు పెట్టింది. ఆ జాబితాలో నాలుగో మనిషి ఇంకా పోతూ ఉండగా, కాళ్లు మెలేసుకుని కూర్చున్న మా పిల్ల ఇక తట్టుకోలేక, "కాదండీ, మేము ఒంటికి వచ్చాం" అనేసింది. మా మరదలి మొహం మాడిపోయింది. పిన్నిగారు మాత్రం గోడ పట్టుకుని నవ్వింది. "అదేటే, నాను మీ కోట ఒచ్చినపుడల్లా మరి దేనికి దిగుతన్నాననుకున్నావు? నీ అందం సూడ్డానికా?" అంది. అంత నవ్వాక కూడా కాఫీ తాగకుండా కదలనివ్వలేదు. ఆ కాఫీ పర్యవసానం నరసన్నపేటలో ఆగడం. అక్కడి కాఫీ పర్యవసానం టెక్కలి. డిక్కీలో ఒక గుమ్మడికాయ, రెండు పనసకాయలు, జాకెట్టు ముక్కలు. మా తమ్ముడు గడియారం చూసుకోవడం మానేసి ఆకాశం చూడ్డం మొదలుపెట్టాడు.

ఈలోగా మా నాలుగేళ్లవాడి పద్ధతి వేరు. వాడు "తాతా" అంటాడు, కారు ఆగుతుంది. తాతా మనవడూ దిగి, ఒక తుమ్మచెట్టు చూసుకుని, ఒడిశా దిక్కుగా నిలబడి, ఈలవేసుకుంటూ తిరిగొస్తారు. వాడికి జిల్లా అంతా పెరడే. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి ఇదంతా శ్రద్ధగా చూసింది. చూసి, "మామ్మా, వాడికి చెట్టు చాలు, నాకు చుట్టాలు కావాలి. కదా?" అని నన్నడిగింది. అవునని తలూపాను. నా పాత రోజులు గుర్తొచ్చాయి. విజయనగరంలో నేను చదువుకునే రోజుల్లో మాకొక చర్చావేదిక ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఒక పాత హాలులో చేరి, దేవుడున్నాడా లేడా అని చీకటి పడేదాకా కొట్టుకునేవాళ్లం. ఆడవాళ్లం ముగ్గురమో నలుగురమో. వితంతు వివాహం మీద, జాతకాల మీద, దయ్యాల మీద మా మగమిత్రులు అదరగొట్టేవారు. ఆ హాలులో దేవుడున్నాడా అని అడగనివాడు లేడు, మరుగుదొడ్డి ఉందా అని అడిగినవాడు లేడు. ఉండేది కాదు. మేం ఆడవాళ్లం పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోకుండా వచ్చి స్వేచ్ఛ గురించి మాట్లాడి వెళ్లేవాళ్లం.

టెక్కలి దాటాం. ఎండ నడినెత్తికొచ్చింది. కారులో ఏసీ సరిగ్గా ఆ పూటే మొరాయించి వేడిగాలి ఊదుతోంది. నేను సీసా మూత తీసి పిల్లకిచ్చాను. పిల్ల బుద్ధిగా మూత పెట్టేసి తిరిగిచ్చింది. "సోంపేటలో తాగుతాను మామ్మా. అమ్మమ్మలాగ. నేను పెద్దదాన్నయ్యాను, ఆపుకోగలను" అంది. ఆ మాటలో బాధ లేదు, గర్వం ఉంది. ఎక్కాలు అప్పజెప్పినప్పుడు ఉండే గర్వం. దగ్గరికి తీసుకుని చూశాను. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి, అరచెయ్యి పట్టుకుంటే వేడిగా ఉంది. జ్వరమో ఎండో తెలీదు. మూత్రపిండాల మీద ఒక ఉపన్యాసం అందుకున్నాను. పిల్ల అంతా విని, "అవి అమ్మమ్మక్కూడా ఉంటాయా?" అంది. ఉంటాయన్నాను. "మరి అమ్మమ్మ తాగట్లేదు కదా." అంతే, వాదం ముగిసింది. ఎంతోమంది పండితులతో తలపడ్డాను గాని ఇంత శుభ్రంగా నన్నెవరూ ఓడించలేదు.

నేను మా మరదలి వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. పొద్దుట బయల్దేరినప్పటి నుంచీ చుట్టాల కాఫీ తప్ప ఆవిడ నోట్లో చుక్క నీరు పడలేదు. ముందున్నదంతా మనవాళ్లు లేని రోడ్డు. ఒక్క క్షణం ఆ పిల్ల పెదవుల వంక చూసింది. "ఏటైతే అదే అవుతాది" అని నా చేతిలోంచి సీసా లాక్కుని, తలెత్తి, గటగటా తాగడం మొదలుపెట్టింది. మా తమ్ముడు అద్దంలోంచి చూసి బెదిరిపోయాడు. "ఒసే, టెక్కలి దాటిపోనాం, ఎరికేనా?" అన్నాడు. "ఎరికే. రోడ్డు సూసి తోలండి" అంది ఆవిడ, కొంగుతో మూతి తుడుచుకుంటూ. పిల్ల అమ్మమ్మను నోరు తెరుచుకుని చూసింది. తరవాత మిగిలిన నీళ్లన్నీ తాను తాగేసింది. చాలక రెండో సీసా అడిగింది. మా సంఘసంస్కరణ చరిత్రలో ఎన్నో సాహసాలు చదివాను. కళ్లారా చూసింది ఇదొక్కటే.

సాహసానికి ఫలితం పలాస రాకముందే కనిపించింది. మొదట పెట్రోలు బంకు దగ్గర ఆగాం. గోడ మీద ఆడబొమ్మ ఉంది, తలుపుకు తాళం ఉంది. బంకులో మనిషి, "తాళంసెవి మా ఓనరు గారి కాడున్నాది. ఆయన పెళ్లికెల్లినారు" అన్నాడు. "తాళంసెవిని కూడా పెళ్లికి పిలిసినారేటి?" అని మా తమ్ముడు ఎగిరాడు. ఆడవాళ్ల తరఫున అతను తగవు పెట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు. కాని పిల్లకు తగవు తీరేదాకా ఆగే ఓపిక లేదు. కొంచెం ముందుకు పోయి, రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న డాబా ఇంటి ముందు నేనే కారు ఆపించాను. గుమ్మం పైన సిలువ. అరుగు మీద ఒకావిడ మామిడి ముక్కలు ఎండబోస్తోంది. అక్కడి మిషన్ చర్చివాళ్లలా ఉన్నారు. సిలువతోనూ శంఖచక్రాలతోనూ నాకు సమానమైన పేచీ ఉంది గాని, ఆ పూట అడగాల్సింది మోక్షం కాదు కదా. మా మరదలు గేటు పట్టుకుని, "ఎవుర్లో ఏటో వదినా, మనకి తెలిసినోల్లు కారు" అని గొణిగింది. ఆవిడ పరిస్థితి కూడా పిల్ల పరిస్థితే.

అరుగు మీది ఆవిడ తలెత్తి మమ్మల్ని చూసింది, పిల్ల కాళ్లు చూసింది. "ఏటమ్మా అలా నిలబడిపోనారు? పిల్లకి ఒంటికా? ఎల్లమ్మా ఎల్లు, పెరట్లో ఎడం సేతి పక్క. బకెట్లో నీలున్నాయి, సబ్బూ ఉన్నాది" అంది. పిల్ల పరుగెత్తింది. మా మరదలు మాత్రం అలవాటు కొద్దీ చుట్టరికం వెతకబోయింది, "మీదే ఊరమ్మా, ఇంటిపేరు ఏటి?" అని. "ముందు నువ్వూ లోనికెల్లిరావమ్మా. ఇంటిపేరు ఎక్కడికీ పారిపోదు" అంది ఆవిడ, మామిడి ముక్కలు తిరగేస్తూ. మా మరదలు ఒక్కసారిగా నవ్వేసి లోపలికి పరుగెత్తింది. ఆ తరవాత నేనూ వెళ్లాను. మేం ఎవరమో ఆవిడ అడగలేదు. మమ్మల్ని కూర్చోమనలేదు, చచ్చినవాళ్ల కబుర్లు చెప్పలేదు, కాఫీ ఇవ్వలేదు. అంత నాగరికమైన ఇంట్లో నేను అంతకుముందు కాలు పెట్టలేదు. ఇంకో సీసా నీళ్లు నింపి పిల్ల చేతికిచ్చి, "మొత్తం తాగాల, మిగల్చకు" అని మాత్రం అంది. పిల్ల ఆ సీసా సోంపేట చేరకముందే ఖాళీ చేసింది. మధ్యలో ఇంకో గేటు దగ్గర, ఈసారి ఎవరూ చెప్పకుండానే, మా తమ్ముడు తానే బ్రేకు వేసి, దిగి, తలుపు కొట్టి అడిగి వచ్చాడు. పిల్లకు జ్వరం రాలేదు. వారం చివర తల్లి రైలు దిగేసరికి, మామిడి రసం మోచేతుల దాకా కార్చుకుంటూ ఎదురెళ్లింది.

నా చిన్నప్పుడు ఇదే దారి సన్నటి రోడ్డు, రోజంతా పట్టేది. ఇప్పుడు వరసలు పెరిగాయి, వంతెనలొచ్చాయి. పొద్దున్న ఇక్కడ టిఫిన్ చేసి మధ్యాహ్నం అక్కడ భోంచేయవచ్చు. కాలమే అన్నీ మారుస్తుందని అరుగు మీద కూర్చుని చెప్పే పెద్దమనుషులకు ఒక మాట. కాలం రోడ్లను వెడల్పు చేస్తుందేమో గాని గడపలను చెయ్యదు. ఆ పని మనుషులు చెయ్యాలి. మీ ఇల్లు రోడ్డు పక్కన ఉంటే, ఈ వేసవిలో మీ గేటు ముందు పిల్ల చెయ్యి పట్టుకుని ఒక ఆడమనిషి తటపటాయిస్తూ కనిపిస్తే, లేవండి. గేటు తీయండి. ఎవరి తాలూకా అని అడక్కండి. పెరటి దారి చూపించండి.