మాయని చొక్కా

చదువుకని దేశం దాటొచ్చి, వెర్రిబీ అనే ఊళ్ళో ఉంటూ యూనివర్సిటీకి వెళ్ళే రోజుల్లో నేనొక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరాను. నిజానికి నాకు క్రికెట్టే ఇష్టం. కానీ క్రికెట్ టీముల్లో మనవాళ్ళు అప్పటికే కిక్కిరిసి ఉన్నారు, నాలాంటి వాడికి అక్కడ నీళ్ళు మోసే పని కూడా దొరికేలా లేదు. ఫుట్‌బాల్ క్లబ్‌వాళ్ళకు మాత్రం మనుషులు తక్కువ. హాస్టల్లో ఆడానని చెప్పగానే చొక్కా చేతిలో పెట్టేశారు.

మా మేనేజర్ ఇంగ్లండు మనిషి. ఫుట్‌బాల్లో మేనేజరంటే ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో తేల్చే పెద్ద. కుర్రతనంలో అక్కడ ఆటే ఉద్యోగంగా బతికారని విని, కాకినాడలో ఉన్న నా స్నేహితులకు ఫోన్ చేసి గొప్పలు కొట్టేశాను. తర్వాత నెట్‌లో వెతికితే ఆయన గురించి రెండు వాక్యాలు దొరికాయి. అందులో ఒకటి అదే పేరున్న వేరే మనిషిది.

మొదటి రోజు అలవాటు చొప్పున ఆయన్ని అంకుల్ అన్నాను. టీమంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ తర్వాత ఆ పిలుపుకి పలకడం మొదలుపెట్టారు.

వారమంతా స్కూలు బస్సు నడిపేవారు. ప్రాక్టీసు అయ్యాక నన్ను తన వ్యానులో ఇంటి దగ్గర దింపేవారు. ఆయన చరిత్ర అంతా ఆ దారిలో ముక్కలు ముక్కలుగా విన్నదే. అన్నీ కింది డివిజన్ల క్లబ్బులు, వాన పడితే బురదగుంటలయ్యే మైదానాలు. వేసవిలో గోడలకు రంగులు వేసే పని. మోకాలు పోయాక ఒక చిన్న ఊరి టీముకి మేనేజరయ్యారు, చలికాలం దాటకముందే పొమ్మన్నారు. ఇవన్నీ ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పేవారు. ఒక్క చోట మాత్రం గొంతు మారేది. ఒక సీజన్ చివరి మ్యాచ్‌కి వాళ్ళ నాన్న మొదటిసారి రైలెక్కి చూడటానికి వచ్చారట. వాళ్ళ మేనేజర్ ఈయన్ని ఆటలోకి దింపనే లేదు. ఇస్త్రీ నలగని చొక్కాతో తండ్రి పక్కన కూర్చుని రైల్లో ఇంటికి వెళ్ళారు.

"నేను మేనేజర్నయితే, చొక్కా వేసుకుని వచ్చినవాడెవడూ అది మాయకుండా ఇంటికెళ్ళడు అని ఆ రైల్లోనే అనుకున్నాను" అన్నారు.

మాట నిలబెట్టుకునేవారు కూడా. గెలుస్తున్నా ఓడుతున్నా, చివర్లో ఐదు నిమిషాలైనా బెంచీ మీద ఉన్న ప్రతివాణ్ణీ దింపేవారు. దానివల్ల కొన్ని మ్యాచ్‌లు పోయాయి. నా పుణ్యాన పోయినవీ ఉన్నాయి. సీజన్ చివరికి మేము పట్టిక అడుగున తేలాం. ఆఖరి మ్యాచ్ గెలవకపోతే కింది లీగుకి పోతాం, అలా పోతే ఆయన్ని తీసేస్తామని కమిటీ మొహం మీదే చెప్పింది.

నేను ఇదంతా తెలిసీ, చర్చి తర్వాత ఆదివారాలు నాకు అన్నం పెట్టే తెలుగు ఆంటీనీ, వాళ్ళాయన్నీ ఆ మ్యాచ్‌కి పిలిచాను. ఐదు నిమిషాలకు గ్యారంటీ ఉందిగా!

ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. ఆట ముగింపుకొచ్చింది. అవతలివాళ్ళు మా గోల్ మీద పడి ఊపిరాడనివ్వడం లేదు. బెంచీ మీద మిగిలింది నేనొక్కణ్ణే. లేచి వెళ్ళి, "అంకుల్, రెడీ అవనా?" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. "కొంచెం ఆగు" అన్నారు.

ఆగాను. విజిల్ మోగింది. గెలిచాం. అందరూ ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తుంటే నేనూ చప్పట్లు కొట్టాను. అబద్ధమెందుకు, ఆ క్షణాన ఓడిపోయినా బాగుండేదనిపించింది.

ఆంటీ మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి నేరుగా నా దగ్గరికే వచ్చేసింది. "ఏంటి బాబూ, నిన్ను దింపలేదేంటి? విస్తరేసి వడ్డించకుండా లేపేసినట్టు! ఉండు, మీ కోచ్‌తో నేను మాట్లాడతాను."

"వద్దాంటీ, ప్లీజ్. విన్ అయ్యాం కదా, అది చాలు. మీరు కార్ దగ్గరుండండి, బ్యాగ్ తీసుకుని వచ్చేస్తా" అని ఎలాగో పంపించేశాను.

కమిటీ పెద్ద వచ్చి మేనేజర్ భుజం తట్టాడు, వచ్చే ఏడూ నువ్వేనన్నాడు. ఆయన తలూపి, వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. నా చొక్కా వంక చూశారు. ఒక్క మరక లేదు.

ఆయన మొహం చూస్తే నా కోపం ఎటు పోయిందో తెలియదు. జాలేసింది. "పర్లేదంకుల్, గెలిచాం కదా" అన్నాను.

"మా మేనేజర్‌తో ఆ రోజు నేనూ అదే అన్నాను" అన్నారాయన. లేచి, మైదానంలో మిగిలిపోయిన బంతులు ఏరుకోవడానికి వెళ్ళిపోయారు.